చదివేదాని వంతు

కథల్లో త్యాగం చేసే ఆడవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇంటి పరువు కోసం కడుపు మాడ్చుకునే కోడళ్లు, అన్నదమ్ముల పిల్లలకే బతుకంతా ధారపోసే విధవ ఆడపడుచులు, వాళ్లను దేవతలని రాసే రచయితలు, అందరూ ఒకటే నాకు. నేను బడి పంతులమ్మను. పుస్తకాల మీద అంత కోపమెందుకు టీచరమ్మా అని అడిగినవాళ్లున్నారు. ఆ కోపంలో సగం నా మీద నాకే ఉంది. మిగతా సగం ఎవరెవరికి పంచాలో ఇప్పుడు చెబుతాను.

మెదక్‌లో ఖిల్లా గుట్ట కింద మా వాడకట్టు. మా నాయనను మేము బాపు అనేవాళ్లం. తాలూకా ఆఫీసులో అటెండరు. ఇంట్లో ఆడవాళ్లంతా బీడీలు చేసేవాళ్లు. నాయనమ్మ, అమ్మ, బాపు చెల్లెలైన మా మేనత్త ముగ్గురూ పొద్దున వంట కాగానే చాటలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చునేవాళ్లు. పక్కింటి ముస్లిమామెను మేమంతా ఖాలా, అంటే పిన్ని, అని పిలిచేవాళ్లం. ఆమె కూడా తన చాట పట్టుకుని మా వాకిట్లోకే వచ్చేది. ఒక్కతే కూర్చుంటే చేతులు నడవవనేది. అసలు సంగతి, మాట్లాడకుండా ఉండలేదు.

నానబెట్టిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి కత్తిరించాలి. చిటికెడు తంబాకు పోసి చుట్టాలి. కొస గోటితో మడిచి దారం కట్టాలి. సాయంత్రం కార్ఖానాకు తీసుకుపోతే అక్కడ కూర్చున్నాయన ఒక్కొక్క కట్ట రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి, వదులుగా ఉన్న బీడీలను టప్పున విరిచి పక్కన పడేసేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. తిట్టినా బాగుండేదని అమ్మ అనేది.

బడి నుంచి వచ్చాక నా వంతు మూడు వందలు. కానీ వారానికి ఒక రోజు నాకు చాట ఉండేది కాదు. బాపు పనిచేసే ఆఫీసులో దొర భార్య చదివి పక్కన పెట్టిన వారపత్రిక శుక్రవారం మా ఇంటికొచ్చేది. అందులో సీరియల్‌ నేను పైకి చదవాలి, వాళ్లు వింటూ బీడీలు చేయాలి. నా మూడు వందలూ వాళ్లే చేసేవాళ్లు. "చదివేదాని వంతు ఇనేటోళ్లు చెయ్యాలె" అని నాయనమ్మ పెట్టిన కట్టుబాటు. పేరుకు నలుగురూ పంచుకోవాలి. నిజానికి నా వంతు మేనత్తే చేసేది. శుక్రవారమే కాదు, పరీక్షలున్న రోజుల్లో కూడా నన్ను లేవగొట్టి, "పో, పోయి చదువుకో" అని నా చాట తన పక్కకు లాక్కునేది.

మేనత్తను పాపన్నపేటలో ఇచ్చారు. పెళ్లయిన రెండో ఏడు భర్త జ్వరమొచ్చి పోయాడు. ఒక ట్రంకు పెట్టెతో తిరిగొచ్చింది. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు. మనిషి పొడుగు, చేతులు పొడుగు, నవ్వు ఇంకా పొడుగు. ఖాలా ఏదైనా అంటే ఒళ్లోని తంబాకు ఎగిరిపోయేలా నవ్వేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ సీరియల్‌ పేజీలు పత్రికలోంచి జాగ్రత్తగా చింపి, దబ్బనంతో బెజ్జాలు చేసి, బీడీ దారంతో కుట్టి దాచేది. చదవలేని పుస్తకం దాచుకోవడమేమిటని నేను ఆటపట్టిస్తే, "చదువకపోతేంది, ఏ పేజీల ఏమున్నదో నాకు ఎర్కనే" అనేది. ఎర్కనే మరి. పదో వారంలో వంటమనిషి ఏమందో అడిగినా చెప్పేది.

ఆ సీరియల్‌ సంగతి చెప్పాలి. గోదావరి ఒడ్డున పెద్ద లోగిలి. అందులో చిన్న వయసులో భర్త పోయిన ఆడపడుచు. అన్న పిల్లల్ని పెంచుతూ, ఇంటి తాళాలు మోస్తూ, వారానికొక త్యాగం చేస్తుంది. ఒక వారం నగలు, ఒక వారం నిద్ర, ఒక వారం తనకిష్టమైన వీణ. ఇక ఇవ్వడానికి ఏమీ మిగల్లేదనుకుంటే ఆవిడ దగ్గర ఇంకేదో ఉండేది. మా వాకిట్లో ముక్కులు ఎగబీల్చడాలు. తంబాకు ఘాటో, ఏడుపో చెప్పడం కష్టం.

ఖాలా ఒక్కతే ఏడ్చేది కాదు. "కితాబులామె కడుపు నిండ తిని ఏడుస్తుంది. మీరు పొద్దటి సంది చాయ్‌ నీళ్ల మీద ఉండి ఏడుస్తుండ్రు. ఎవరి మీద ఎవరు ఏడ్వాలె చెప్పుండ్రి" అనేది.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది ఆ ఏడుపు కాదు. ఆ లోగిలి వాళ్ల మాట వేరు, వంట వేరు, దేవుడి గది వేరు. "రండి, కూర్చోండి, దయచేయండి" అని నేను చదువుతుంటే నాయనమ్మ, "ఎంత మంచిగ మాట్లాడుతుండ్రే, మనం ఉన్నం ఎందుకు" అనేది. మమ్మల్ని ఆంధ్రతో కలిపి కొత్త రాష్ట్రం చేసి ఆరేడేళ్లయింది. ఆఫీసుల్లో, పత్రికల్లో, రేడియోలో అంతా ఆ మాటే. మా నోటి మాటకు మేమే సిగ్గుపడటం మొదలుపెట్టాం. మాటతో ఆగితే బాగుండేది. వాళ్ల ఆచారం కూడా మాదేననుకున్నాం.

మా కులంలో మారుమనువు ఉంది. భర్త పోయినదాన్ని, ఆమెకు ఇష్టమైతే, ఇంకొకడు చేసుకోవచ్చు. నలుగురు కులపెద్దలు కూర్చోవాలి, కొత్త చీర పెట్టాలి, అంతే. మేళతాళాలుండవు గానీ తప్పు కూడా లేదు. మా నాయనమ్మ తాతను చేసుకుంది మారుమనువుతోనే. ఆమెకు ముందొక భర్త ఉండేవాడని, అతను కలరాతో పోయాడని ఆమే చెప్పింది నాకు. అంటే మా బాపు పుట్టిందే మారుమనువు వల్ల. ఇది గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

రామాయంపేటలో రోడ్డు మీద సైకిల్‌ దుకాణం పెట్టుకున్న ఒకతను మా కులం వాడే. భార్య పోయింది, పిల్లల్లేరు. మా చుట్టాలింట్లో పెళ్లికొచ్చి మేనత్తను చూశాడు. వారం తిరగకుండా తన అక్కను పంపాడు. ఆమె నాయనమ్మ పక్కన కూర్చుని, ఎక్కువ తిప్పకుండా చెప్పింది. "మావోనికి మీ పిల్ల నచ్చింది. ఆమెకు ఇష్టమైతెనే. చీర తెస్తం, మీరు కబురు చెయ్యుండ్రి."

మేనత్త లోపల్నుంచి ఆమెకు చాయ్‌ తెచ్చింది. గ్లాసు ఇస్తూ ఆమె మాటలకే చెవి పెట్టింది, సగం చాయ్‌ పళ్లెంలో పడింది. ఆ సాయంత్రం నా జడ వేస్తూ అడిగింది, "రామాయంపేటకు బస్సుల ఎంతసేపే? నువ్వు సెలవులకు రావొచ్చు గద." నాకు జడ కంటే ఆ మాటే గట్టిగా లాగినట్టయింది.

బాపు రాగానే సంగతి చెప్పారు. తెల్ల చొక్కా విప్పి కొయ్యకు తగిలిస్తూ, వెనక్కి తిరక్కుండానే, "మనింట్ల గట్ల లేదు" అన్నాడు.

ఎవరింట్లో లేదు? కన్నతల్లి ఎదురుగా కూర్చుని ఉంది. నాయనమ్మ నోరు తెరుస్తుందని చూశాను. ఆమె తునికాకు కత్తిరిస్తూ, "ఎన్కట ఉండె కొడుకా. గిప్పుడు మంచిగుండదు. పెద్దింటోళ్లు ఎట్లుంటుండ్రో సూస్తలేమా" అంది. తన మొగుణ్ని, తన పెళ్లిని, తన కొడుకు పుట్టుకను అంత సులువుగా చాటలోంచి చెత్త తీసినట్టు తీసేసింది. ఆమెకు ఆ పెద్దిల్లు ఎక్కడ కనబడింది? నేను చదివిన పేజీల్లో. మెదక్‌ దాటి ఎరగని మనిషి.

బాపుకు ఇంకొక భయముండేది. అది పరువు మాటల కింద దాగి ఉండేది. మేనత్త రోజుకు ఇద్దరి పని చేసేది. ఆమె పోతే ఆ చాట ముందు ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ ఎవరో నేనే. మర్నాడు పొద్దున నాతో చెప్పనే చెప్పాడు. "అత్త పోతే నీ బడి బంద్‌. ఏడ్చినా నేనేం చెయ్యలేను." తొమ్మిదో తరగతి మొదలై నెల కూడా కాలేదు.

మూడు రోజులు ఎవరి చాట ముందు వాళ్లు కూర్చున్నారు. నాలుగో రోజు మేనత్త అన్న ముందు నిలబడి, "నాకు పోవాలనే ఉన్నది అన్నా" అంది. మా ఇంట్లో ఏ ఆడదీ అంత సూటిగా మాట్లాడగా నేను వినలేదు.

బాపుకు కోపం రాలేదు. నవ్వాడు. అది కోపం కంటే అన్యాయం. "గా కథలామెను సూసి నేర్సుకో. డాక్టరంతటోడు అడిగినా అన్న పిల్లల్ని ఇడ్సిపెట్టిందా?"

నిజమే, సీరియల్‌లో కూడా ఆ వారాల్లోనే ఊరి డాక్టరు ఆవిడను అడిగాడు. ఆవిడ ఇంకా జవాబు చెప్పలేదు. వచ్చే వారంతో సీరియల్‌ అయిపోతుంది.

"ఆమె పోతది" అంది మేనత్త.

"పోదు."

"పోతది అన్నా. ఆమె మనసు పోవుడు మీదనే ఉన్నది. వీణ ఇచ్చిన్నాడే తెలిసింది నాకు."

"సరే. ఆమె పోతే నువ్వూ పో. నేను అడ్డం రాను. ఆమె ఉంటే నువ్వు ఉండాలె, మళ్ల గీ మాట ఎత్తొద్దు." బాపు అంత ధీమాగా అన్నాడు. అలాంటి కథలు ఎలా ముగుస్తాయో ఆయనకు తెలుసనుకున్నాడు. మేనత్త సరేనంది. ఒక మనిషి బతుకు పత్రికలో కథ మీద పందెం పెట్టారేమిటని ఖాలా తప్ప ఎవరూ అడగలేదు. ఖాలాను, "నీకు తెల్వదు ఊకో" అన్నారు.

శుక్రవారం వచ్చింది. బాపు పత్రిక నా ఒళ్లో పడేసి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు సంతకం, ఆఫీసు ఫైళ్ల మీద నంబర్లు తప్ప ఎక్కువ చదువు రాదు. నలుగురు ఆడవాళ్ల చాటలు నా చుట్టూ. మేనత్త ఆ రోజు తలకు నూనె రాసి దువ్వుకుంది.

మొదటి పేజీ ఉన్నది ఉన్నట్టే చదివాను. రెండో పేజీ తిప్పగానే నా కళ్లు ముందుకు పరిగెత్తాయి. ఆవిడ పోతోంది. మేనత్త చెప్పినట్టే. ఇంటి తాళాలు వదినె చేతిలో పెట్టింది. "ఇన్నాళ్లు మీకోసం ఉన్నాను. మిగిలిన నాలుగు రోజులు నాకోసం ఉంటాను" అంది. వాకిట్లో నిలబడ్డ జట్కా ఎక్కింది. ఆ రచయిత్రికి ఒక్కసారైనా బుద్ధి పుట్టింది. అది నా చేతికే రావాలా?

నేను తల ఎత్తలేదు. గొంతు కూడా తడబడలేదు. తాళాలు వదినె చేతిలో పెట్టబోయి మళ్లీ బొడ్డున దోపుకుందని చదివాను. జట్కాను తిప్పి పంపించిందని చదివాను. చిన్న పిల్లవాడు వచ్చి కొంగు పట్టుకుంటే, "ఈ గడపే నా కాశీ, నా రామేశ్వరం" అందని చదివాను. ఆ ముక్క ఎక్కడా లేదు. ఏ క్షణాన నా నోట పుట్టిందో తెలియదు. అన్ని వారాలుగా అలాంటివి చదివి చదివి నాలుక మీద సిద్ధంగా ఉంది కాబోలు. నేను చెప్పిన మొదటి కథ అది. అందరూ నమ్మారు.

నాయనమ్మ బోరున ఏడ్చింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. బాపు లేచి చెప్పులేసుకుని బయటికి పోయాడు. గెలిచినవాడికి మాటలెందుకు? "గిదేం కథ, పోదామని తయారై మళ్ల కూసునుడేంది" అని ఖాలా విసుక్కుంది. ఆమె అనుమానం ఎంత సరైనదో ఆమెకు తెలియదు.

మేనత్త ఏడవలేదు. చేతిలో బీడీ సగం చుట్టి ఉంది. దాన్ని పూర్తిగా చుట్టి, దారం కట్టి పక్కన పెట్టింది. తరువాత, "మళ్లొక్కసారి చదువు బిడ్డా. ఆ కడపటిది" అంది.

మళ్లీ చదివాను. ఒకసారి భయంతో చేసిన తప్పును ఎవరైనా క్షమిస్తారేమో. రెండోసారి నేను భయంతో చదవలేదు. మొదటిసారి ఏమన్నానో గుర్తు తెచ్చుకుంటూ, మాట పొల్లుపోకుండా, జాగ్రత్తగా చదివాను. ఆ తరువాత ఆమె నా చాట లాక్కుని నా మూడు వందల బీడీలు చేసింది. చదివేదాని వంతు గదా.

రామాయంపేట వాళ్లకు కబురు పోయింది. అతను ఇంకో రెండు నెలలు చూసి వేరే సంబంధం చేసుకున్నాడు. నేను పదో తరగతి పాసయ్యాను, ట్రెయినింగ్‌ చేశాను, ఊళ్లోనే బడిలో ఉద్యోగం వచ్చింది, ఊళ్లోనే పెళ్లయింది. అన్నిటికీ మేనత్త చాట మీద పెరిగిన బీడీలే దారి వేశాయి. నా తరువాత ఇద్దరు తమ్ముళ్లను కూడా ఆమే పెంచింది. చుట్టాలొస్తే బాపు చెల్లెల్ని చూపించి, "దేవత" అనేవాడు. దేవతకు పొద్దున లేస్తే దగ్గు, చూపుడు వేలి గోరు అరిగి నెత్తురు. నవ్వు ఎప్పుడు పొట్టిదైపోయిందో నేను గమనించలేదు. గమనించలేదనడం కూడా అబద్ధమే. గమనించడం ఇష్టం లేకపోయింది.

ఇంకొకటి చెప్పకుండా దాటేస్తే నా కోపానికి విలువ లేదు. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో మేనత్త అడిగింది. "అందరి పిల్లలకు చెప్తవు. నాకు గిన్ని అక్షరాలు నేర్పరాదె." నేను నవ్వి, "గీ వయసుల ఎందుకత్తా" అన్నాను. ఆమెకు ముప్ఫై రెండేళ్లు. వాడకట్టులోని ప్రతి పిల్లకూ అ ఆలు దిద్దించిన దాన్ని, ఆమెకు మాత్రం పలక పట్టనివ్వలేదు. ఆ కుట్టిన పుస్తకం ఆమె ట్రంకులో ఉందని నాకు తెలుసు. కంచే చేను మేయడమంటే ఇదే. మా ఇంటి మీద, బాపు మీద, ఆ గోదావరి లోగిలి మీద ఎంత మండిపడ్డా, చివరికి నా వేలు నావైపే తిరుగుతుంది.

తరువాత కొన్నేళ్లకు మా వాడకట్టులోనే పెద్దవాళ్లకు మధ్యాహ్నం బడి పెట్టారు. ఖాలా మేనత్తను లాక్కుపోయింది. నాకు ఆ సంగతి చాలా రోజులు తెలియదు. ఒకరోజు బజారులో ఖాలా కనబడి, "మీ అత్త దుకాణాల బోర్డులన్నీ చదువుతుంది. నాకు ఇంక క దగ్గర్నే పరేషాన్‌" అంది. నేను కూరగాయల సంచి పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

ఆమె తొందరపడలేదు. మొదటి వారం నుంచి మొదలుపెట్టి, కూడబలుక్కుంటూ, ఆ పుస్తకమంతా చదివిందట. ఎనిమిది నెలలు పట్టిందట.

ఒక ఆదివారం పొద్దున మా ఇంటికొచ్చింది. ఒక చంకలో చాట, అందులో తడిబట్టలో చుట్టిన ఆకు, తంబాకు, కత్తెర. ఇంకో చేతిలో దారంతో కుట్టిన పుస్తకం. నా భర్త బయటికి పోయాడు. నేను స్టూలు వేశాను. ఆమె కింద కూర్చుని, చాట నావైపు తోసింది.

"చాయ్‌ పెడత అత్తా."

"వద్దు. కూసో. నేను చదువుత. నా వంతు నువ్వు చెయ్యి."

కాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. ఆమె చివరి వారం తీసింది. అద్దాలు లేవు, పుస్తకం దూరంగా పట్టుకుంది. చూపుడు వేలు, ఆ అరిగిన గోరు, అక్షరం కింద పెట్టి మొదలుపెట్టింది. "తా... తాళ... తాళాలు." ఒత్తులు వచ్చిన చోట ఆగేది, గాలి పీల్చుకుని మళ్లీ వెనక్కి వచ్చేది. తాళాలు వదినె చేతిలో పెట్టింది. జట్కా ఎక్కింది. "మిగి... లిన నాలు... గు రోజులు... నా... కోసం." పిల్లలు తప్పు చదివితే నేను అందించేదాన్ని. అలవాటుగా నోరు తెరిచాను.

"నువ్వు చెప్పకు" అంది, పేజీ మీంచి కళ్లు తీయకుండా.

నా చేతులు పని మరిచిపోయాయి. పదేళ్లకు పైగా సుద్దముక్క తప్ప పట్టని వేళ్లు. ఆకు చిరిగింది, తంబాకు ఒళ్లో పడింది, దారం జారింది. ఏడుస్తూ చేశాను. ఏమన్నా అంటుందేమోనని చూశాను. ఎందుకు చేసినవే అని అడిగితే చెప్పడానికి జవాబు ఏళ్ల తరబడి తయారుచేసి పెట్టుకున్నాను. ఆమె అడగలేదు. ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది, ఎవరికీ పనికిరాకుండా.

చదవడం అయ్యాక పుస్తకం పక్కన పెట్టింది. నా చాట దగ్గరికి లాక్కుని, నేను చేసిన బీడీలు ఒక్కొక్కటి తీసి రెండు వేళ్ల మధ్య నొక్కి చూసింది. వదులుగా ఉన్నవి విరిచి పక్కన పడేసింది. చివరికి చాటలో ఏమీ మిగల్లేదు.

"ఇవి నడువయి" అంది. ఆకుల కట్ట మళ్లీ నా ముందు పెట్టి, పుస్తకం చేతిలోకి తీసుకుంది. "మళ్ల చెయ్యి. ఆ కడపటిది మళ్లొక్కసారి చదువుత."